ఆటగాడి ఆస్తి

(పిట్లంలో ఒక వ్యాయామోపాధ్యాయుని స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



ఈ సభ ఎవరి స్మృతిలో జరుగుతున్నదో ఆయన్ని ఈ మండలంలో పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ పీఈటీ సారే. ఆయన నేర్పిన కబడ్డీ గురించి, ఖోఖో గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నేను ఆయన రాసిన రిజిస్టరు గురించి చెబుతాను. పోటీలకు తీసుకుపోయిన ప్రతి పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, ఆ పోటీ పెట్టినవారెవరు, సర్టిఫికెట్ మీద నంబరెంత, పంపడానికి ఒప్పుకుంటూ తండ్రి పెట్టిన సంతకమో తల్లి వేసిన వేలిముద్రో అన్నీ అందులో ఉండేవి. చివరి పేజీల్లో ఖర్చు పద్దు. టిఫిన్లకు ఎంత, బస్సు టికెట్లకు ఎంత, చేతిలో మిగిలిందెంత. ఆ పని చేయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చట్టం మాత్రం చెబుతుంది. ఆటలు నడిపేవాళ్లకు చట్టం ఏం చెబుతుందో, మన ఊళ్లకు అది ఎందుకు కావాలో వివరించడమే ఈ పూట నా పని.

నా మాట ముందే చెప్పేస్తాను. క్రీడాసంఘం దగ్గరుండే రిజిస్ట్రేషను, సభ్యుల జాబితా, జమాఖర్చు, ఎంపిక నియమాలు, ఫిర్యాదుల పుస్తకం ఇవేవీ అధ్యక్షుడి సొత్తు కావు, కార్యదర్శి సొత్తు కావు. అవి ఆటగాడి ఆస్తి. పలుకుబడి ఉన్నవాడికి కాగితం లేకున్నా పని అవుతుంది. తండా నుంచి వచ్చిన ఆడపిల్లకు కాగితం తప్ప వేరే అండ లేదు.

మన పాత జిల్లా మనిషితోనే మొదలుపెడతాను. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయింది, మరుసటి ఏడు ఢిల్లీలో మళ్లీ గెలిచింది. ఇది ఇక్కడున్న చిన్నపిల్లలకు కూడా తెలుసు. నన్ను అంతకన్నా ఎక్కువ కదిలించింది 2019 అక్టోబరులో ఆమె రాసిన ఒక ఉత్తరం. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు 51 కిలోల విభాగంలో ట్రయల్స్ పెట్టకుండానే మేరీ కోమ్‌ను పంపాలని అప్పుడు ఆలోచన సాగుతున్నది. మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ విజేత. ఆమె గొప్పతనాన్ని కాదనేవాళ్లు లేరు. నిఖత్‌కు అప్పటికి 23 ఏళ్లు, వెనక పెద్ద పేరు లేదు. ఆమె నేరుగా కేంద్ర క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకు రాసింది. తనను పంపమని అడగలేదు. బరిలో దిగి తేల్చుకునే అవకాశం ఇవ్వమని మాత్రమే అడిగింది. ఆ డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయింది.

ఓడిపోయింది కదా, ఏం లాభం అన్నవాళ్లున్నారు. లాభం ఉంది. ఎంపిక ఎలా జరగాలన్నది ముందే రాసి ఉండాలి, రాసిన నియమం అందరికీ ఒకటే కావాలి, మధ్యలో మారకూడదు. ఈ హక్కు గెలిచేవాళ్లదే కాదు, ఓడేవాళ్లది కూడా. మండల జట్టుకు పన్నెండుగురిని ఎంచేటప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది. ట్రయల్స్ ఏ రోజో నోటీసు పెట్టాలి, ఎంచినవాళ్ల పేర్లు పెట్టాలి, ఎంచే కమిటీలో ఉన్నవాడి కొడుకు ఆడుతుంటే ఆ ఒక్క రోజు ఆయన పక్కకు జరగాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. మన వైపు కుస్తీ లేని జాతర జాతరే కాదు. మెత్తగా చేసిన మట్టి, చుట్టూ జనం, డప్పులు. పిల్లగాండ్ల కొబ్బరికాయ కుస్తీతో మొదలై పొద్దు గూకే వేళకు వెండి కడియం కుస్తీకి చేరుతుంది. దెగ్లూర్ నుంచి, నాందేడ్ నుంచి, బీదర్ వైపు నుంచి పహిల్వాన్లు వస్తారు. మైకులో తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ కలిసి వినపడతాయి. ఒకాయన లేచి పటేలు తరఫున ఇంత అని చదువుతాడు, పక్కనున్నాయన నోటుబుక్కులో రాసుకుంటాడు, డబ్బు మూడో ఆయన సంచిలోకి పోతుంది. ఎవరి మీదా ఎవరికీ అనుమానం ఉండదు. ఏమైతది, మనోళ్లే గదా అంటారు. ఈ నమ్మకం మన ఊళ్లకున్న పెద్ద బలమని నేను మనసారా ఒప్పుకుంటాను. కానీ బరిలో ఒక కుర్రవాడి మెడ విరిగిన రోజున ఏమవుతుంది? అప్పుడు ఆ కమిటీ ఎవరు? దవాఖానా ఖర్చు ఎవరిది? కేసు ఎవరి మీద?

ఈ ప్రశ్నలకు చట్టం దగ్గర జవాబుంది. 1860 నాటి శిక్షాస్మృతిలో 87వ సెక్షనుగా ఉన్నదే 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 25వ సెక్షను. వినోదం కోసం ఇద్దరు కత్తిసాముకు దిగితే, దొంగదెబ్బ తీయకుండా ఆడినంతవరకు తగిలే గాయానికి ఇద్దరూ ముందే సమ్మతించినట్టు లెక్క అని చట్టంలోనే ఉదాహరణ ఉంది. కుస్తీ పట్టేవాడిని, కబడ్డీలో కాలు పట్టి లాగేవాడిని కాపాడేది ఇదే. అయితే ఆ సెక్షనులో జనం గమనించని ఒక షరతుంది. సమ్మతి ఇచ్చేవాడికి పద్దెనిమిదేళ్లు నిండాలి. మరి కొబ్బరికాయ కుస్తీకి దిగే పిల్లవాడి వయసెంత? పన్నెండేళ్ల లోపు పిల్లల విషయంలో వాళ్ల మేలు కోరి సంరక్షకులు ఇచ్చే సమ్మతి గురించి వేరే సెక్షను మాట్లాడుతుంది. పన్నెండుకూ పద్దెనిమిదికీ మధ్య వయసువాళ్లకు ఈ రెంటిలో ఏదీ సరిగ్గా అమరదు. మన ఆటగాళ్లలో ఎక్కువమంది ఆ వయసులోనే ఉంటారు! అందుకని తండ్రి సంతకం ఉన్నా పూచీ నిర్వాహకుడిదే. జోడీ కుదిర్చేటప్పుడు బరువు చూశారా, మట్టిలో రాళ్లు ఏరారా, పక్కన ప్రథమ చికిత్స తెలిసిన మనిషి ఉన్నాడా అని రేపు అడుగుతారు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే పాత చట్టంలో రెండేళ్లున్న గరిష్ఠ శిక్ష కొత్త సంహిత 106వ సెక్షనులో ఐదేళ్లయింది. బోధన్ దగ్గర హున్సాలో హోలీనాడు ఆడే పిడిగుద్దులాటకు పోలీసుల అనుమతి ఉండాలా వద్దా అన్న చర్చ వెనక ఉన్నదీ ఇదే. తరతరాల ఆచారం అన్న మాటకు గౌరవం ఉంది కానీ, కోర్టులో అది సమ్మతి పత్రం కాదు.

అనుమతి అనగానే మన పెద్దలకు ఒక చేదు జ్ఞాపకం ఉండటం సహజం. నిజాం కాలంలో గస్తీ నిషాన్ 53 కింద సభ పెట్టుకోవడానికి కూడా సర్కారు ముందస్తు అనుమతి కావలసి వచ్చేది. ఇదే సంగారెడ్డి-నాందేడ్ రోడ్డు మీదున్న జోగిపేటలో 1930 మార్చిలో మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగిందంటే అది అలాంటి ఆంక్షల నడుమనే. అందుకని సంఘం, రిజిస్ట్రేషను, సర్కారు అన్న మాటలు ఒకచోట వినపడితే ఇక్కడివాళ్లకు ఒళ్లు బిగుసుకుంటుంది. ఆ బిగువు నాకు అర్థమవుతుంది. అయితే అదే హైదరాబాద్ రాజ్యంలో 1350 ఫసలీలో, అంటే 1940-41లో, పబ్లిక్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కూడా వచ్చింది. తెలంగాణ ప్రాంతంలోని పాత సంఘాలు, గ్రంథాలయాలు, క్లబ్బులు అరవై ఏళ్లపాటు దాని కిందే నమోదయ్యాయి. దాని స్థానంలో వచ్చిందే 2001 నాటి 35వ నంబరు చట్టం. రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ దాన్నే తనకు అన్వయించుకుంది.

ఆ చట్టం ఏమంత కఠినమైనది కాదు. ఏడుగురు కలిస్తే చాలు. ఉద్దేశాలూ నియమావళీ రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసుకోవచ్చు. ఏయే పనులకు సంఘం పెట్టుకోవచ్చో చెప్పిన చోట క్రీడల పేరు స్పష్టంగా ఉంది, అదృష్టం మీద ఆధారపడే ఆటలు తప్ప అన్న మినహాయింపుతో సహా. మ్యాచ్ పేరుతో పందేలు కాయించే కమిటీలు ఈ ముక్క చదువుకోవాలి. నమోదయ్యాక ఆ సంఘం చట్టం దృష్టిలో ఒక వ్యక్తి. దాని పేరు మీద బ్యాంకు ఖాతా ఉంటుంది, స్థలం ఉంటుంది, దావా వేయొచ్చు, దాని మీద వేయొచ్చు. నమోదు లేని కమిటీలో అప్పు గానీ నష్టపరిహారం గానీ వస్తే ముందు నిలబడినవాళ్ల సొంత ఆస్తి మీద పడుతుంది. ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన పదిహేను రోజుల్లో కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. మన సంఘాలు ఎక్కువగా చతికిలబడేది ఇక్కడే. మొదటి ఏడు పండగలా రిజిస్ట్రేషను చేయించుకుని, ఆ కాగితం ఫ్రేము కట్టించి గోడకు వేలాడదీస్తారు. తర్వాత జాబితా ఇవ్వరు. నాలుగేళ్లకు తగాదా వచ్చి ఇద్దరు కార్యదర్శులు తయారైతే అసలు కార్యవర్గం ఏదో తేల్చే ఆధారం ఉండదు. అప్పుడు 23వ సెక్షను కింద మధ్యవర్తిత్వానికైనా జిల్లా కోర్టుకైనా పోవాలి. ఈలోగా రెండు సీజన్లు గడుస్తాయి. పదిహేడేళ్ల పిల్లకు రెండు సీజన్లంటే ఆట ముగిసినట్టే.

ఇది చిన్న ఊళ్ల జబ్బు మాత్రమే అనుకోకండి. 1934లో పుట్టిన హైదరాబాద్ క్రికెట్ సంఘం సంగతి చూడండి. తగాదాలు ముదిరి, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జస్టిస్ ఎల్.నాగేశ్వరరావుతో ఏకసభ్య కమిటీ వేయవలసి వచ్చింది. ఆయన విచారిస్తే ఒకే మనిషి చేతిలో, ఒకే కుటుంబం చేతిలో ఒకటికి మించి క్లబ్బులున్నట్టు తేలింది. 57 క్లబ్బులను ఎన్నికల్లో పాల్గొనకుండా ఆపారు. క్లబ్బు అంటే ఆటగాళ్లు ఉండే చోటు అని మనం అనుకుంటాం. ఓటు ఉండే చోటుగా మారినప్పుడు ఏమవుతుందో చెప్పడానికి ఆ ఒక్క అంకె చాలు. వరంగల్‌లోనో కామారెడ్డిలోనో బాగా బౌలింగ్ వేసే పిల్లవాడు ఆ 57లో ఎవరికి ఫోన్ చేయాలి?

కబడ్డీ సంగతి ఇంకా బాధాకరం. మన మట్టి ఆట, 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆట అయింది. దాన్ని నడిపే అమెచ్యూర్ కబడ్డీ సమాఖ్య పగ్గాలు భర్త నుంచి భార్యకు మారాయన్న ఫిర్యాదు మీద 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆ నియామకాలు చెల్లవని తేల్చి, నిర్వహణను ఒక అడ్మినిస్ట్రేటర్‌కు అప్పగించింది. ఎన్నికైన కార్యవర్గం చేతికి అది తిరిగి వచ్చింది 2025 ఫిబ్రవరిలో, సుప్రీంకోర్టు చెప్పాక. ఇరాన్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ ముంచుకొస్తుంటే అంతర్జాతీయ గుర్తింపు చిక్కుల్లో పడి, ఆటగాళ్లు పోతారో లేదో తెలియని స్థితి అప్పటిది. కుస్తీలోనూ ఇదే జరిగింది. సకాలంలో ఎన్నికలు పెట్టలేదని 2023 ఆగస్టులో ప్రపంచ కుస్తీ సంస్థ మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. ఆ సెప్టెంబరులో బెల్‌గ్రేడ్‌లో మన పహిల్వాన్లు మన జెండా లేకుండా పోటీపడ్డారు. అంతిమ్ పంఘాల్ కాంస్యం గెలిచినప్పుడు ఆమె సింగ్లెట్ మీద దేశం పేరు లేదు. తప్పు ఆఫీసులో జరిగింది, శిక్ష బరిలో పడింది.

ఇవన్నీ ఢిల్లీ కబుర్లు, మనకేంటి అని వెనక వరుసలోని కుర్రవాళ్లు అనుకుంటుంటే వాళ్లకు సర్టిఫికెట్ సంగతి చెప్పాలి. ఈ రాష్ట్రంలో సర్కారు కొలువుల్లో క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది. దాని మీద ఆశతోనే ఎంతోమంది తల్లిదండ్రులు పిల్లలను మైదానానికి పంపుతున్నారు. బంగారు రంగు అంచు, రెండు రబ్బరు ముద్రలు, ఆలిండియా అన్న పెద్దక్షరాలు, కింద ఎవరిదో సంతకం. చూడటానికి చాలా బాగుంటుంది. ఉద్యోగం కోసం పరిశీలనకు పోయినప్పుడు ముందు అడిగేది ఒకటే: ఈ పోటీ నిర్వహించిన సంఘానికి గుర్తింపు ఉన్న రాష్ట్ర సంఘంతో, ఆ రాష్ట్ర సంఘానికి జాతీయ సమాఖ్యతో అనుబంధం ఉందా? లేదంటే అది అలంకారపు కాగితమే. ఒకే ఆటకు రెండు మూడు పోటీ సంఘాలు పుట్టుకొచ్చిన కాలంలో, ఫీజు కట్టించుకుని గోవాకో ఆగ్రాకో తీసుకుపోయి ఇలాంటివి ఇచ్చే మనుషులు ఊరూరా తిరుగుతున్నారు. పిల్లల దగ్గర ఎంట్రీ ఫీజు తీసుకునే ముందు తమ అనుబంధం ఏమిటో రాతపూర్వకంగా చెప్పడం నిర్వాహకుడి బాధ్యత. అడగడం తల్లిదండ్రుల హక్కు. రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన కాగితాలేమిటో సమాచార హక్కు కింద కనుక్కోవచ్చు కూడా.

ఇప్పుడు చెప్పబోయేది సభలో చెప్పడానికి కాస్త ఇబ్బందిగా ఉంటుంది, అయినా చెప్పి తీరాలి. ఆడపిల్లల భద్రత. పని ప్రదేశంలో లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ఫ్యాక్టరీలకు, ఆఫీసులకే అనుకుంటారు. ఆ చట్టం స్టేడియాన్ని, శిక్షణ కేంద్రాన్ని, పోటీ జరిగే చోటును పేరు పెట్టి మరీ పని ప్రదేశం అన్నది. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకు తక్కువైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. 2023లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర మన మహిళా పహిల్వాన్లు వేధింపుల మీద ధర్నాకు కూర్చున్నప్పుడు దేశానికి తెలిసిన సంగతుల్లో ఒకటి, ఎన్నో జాతీయ సమాఖ్యలకు సరైన అంతర్గత కమిటీ లేనే లేదన్నది. ఇక పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మాటకు వస్తే పోక్సో చట్టం 19వ సెక్షను ఉంది. నేరం జరిగిందని తెలిసినవాడు, అనుమానం కలిగినవాడు పోలీసులకు చెప్పి తీరాలి. పరువు పోతుందని, పిల్ల భవిష్యత్తని, పెద్దమనుషుల్లో మాట్లాడుకుందామని ఆపితే ఆపినవాడిదే నేరం. తన కింద పనిచేసేవాడి తప్పు దాచిన సంస్థ పెద్దకు ఏడాది వరకు జైలు. జట్టును బయటి ఊరికి తీసుకుపోయేటప్పుడు వెంట ఒక మహిళ ఉండాలి, పడక గదులు వేరుగా ఉండాలి, కోచ్ ఒక పిల్లతో ఒంటరిగా బండి మీద పోకూడదు. సిరికొండ మండలం పాకాల పిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అలాంటి పిల్లలను కన్న జిల్లాలో, ఈ భరోసా లేక ఇంటి గడప దాటని ఆడపిల్లలు ఎందరున్నారో తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ప్రయాణం గురించి ఒక్క మాట. 2022 మే 8న నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి గేటు దగ్గర ఏం జరిగిందో పిట్లం మండలానికి నేను చెప్పనక్కర్లేదు. చిల్లర్గి నుంచి ఎల్లారెడ్డికి ఒక కార్యానికి పోయి ట్రాలీ ఆటోలో తిరిగి వస్తున్నవాళ్లు. లారీ గుద్దింది. తొమ్మిదిమంది పోయారు. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది, దాన్ని ఉదాహరణగా వాడుకుంటున్నందుకు ఆ కుటుంబాలు మన్నించాలి. కబడ్డీ జట్టును కూడా మనం అలాంటి బండ్లలోనే ఎక్కించి పంపుతున్నాం కాబట్టి చెబుతున్నాను. సరుకుల బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు బీమా కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో 2002లోనే తేల్చింది. ఆర్టీసీ బస్సుకు అయ్యే డబ్బు లేకపోతే ఆ పోటీకి పోకూడదు. ఇందులో నాకు రెండో మాట లేదు.

డబ్బు సంగతి తొందరగా చెబుతాను. ఆటలను ప్రోత్సహించడం ధార్మిక కార్యమేనని ఆదాయపు పన్ను శాఖ 1984 సెప్టెంబరులోనే 395వ నంబరు సర్క్యులర్‌లో ఒప్పుకుంది. అంతమాత్రాన పన్ను మినహాయింపు దానంతట అదే రాదు. విడిగా నమోదు చేసుకోవాలి, లెక్కలు రాయాలి, పరిమితి దాటితే ఆడిట్ చేయించాలి, రిటర్ను వేయాలి. వ్యాపార తరహా రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. క్రికెట్ సంఘాల విషయంలో 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ గీతను గట్టిగా గుర్తుచేసింది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ బాధ్యత మారలేదు. ఇదంతా ఎందుకంటే, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే నిధుల్లో గ్రామీణ క్రీడల శిక్షణ కూడా ఒక పద్దు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో ఆ మాట ఉంది. కాగితాలు సరిగా ఉన్న సంఘానికే ఆ తలుపు తెరుచుకుంటుంది. అమెరికాలో మనవాళ్లు పెట్టుకున్న లాభాపేక్ష లేని సంఘాలు ఏటా పన్ను శాఖకు ఇచ్చే 990 ఫారాన్ని ఎవరడిగినా చూపించాలి. అక్కడ చూపించగలిగినవాళ్లం ఇక్కడ ఎందుకు చూపించలేం?

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది. జాతీయ సమాఖ్య కార్యవర్గంలో పదిహేనుమందికి మించకూడదు, అందులో కనీసం నలుగురు మహిళలు ఉండాలి, పేరున్న క్రీడాకారులు ఉండాలి, ఆటగాళ్ల కమిటీ ఉండాలి, సురక్షిత క్రీడా విధానం రాసుకోవాలి. తగాదాలకు ప్రత్యేక ట్రిబ్యునల్. ఆ చట్టం మండల స్థాయి క్లబ్బును ఇదే పని చేయమని బలవంతపెట్టదు. మనం చేసుకుంటే కాదనేవాళ్లూ లేరు. ఊరి యువజన సంఘం కార్యవర్గంలో ఇప్పుడు ఆడుతున్న ఇద్దరు పిల్లలకు, కనీసం ముగ్గురు ఆడవాళ్లకు చోటు ఇవ్వాలంటే పెద్ద కష్టమేమీ లేదు. నియమావళిలో ఒక పంక్తి రాసుకుంటే చాలు.

వచ్చే జాతర కమిటీవాళ్లు ఈ సభలో ఉన్నారని తెలుసు. వాళ్లను ఒకటి అడుగుతున్నాను. చందా రసీదు పుస్తకానికి నంబర్లు వేయించండి. డబ్బు ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతాలో వేయండి. పద్దెనిమిది నిండనివాళ్లను వాళ్ల బరువుకు తగిన జోడీతో తప్ప బరిలోకి దింపకండి. కడియం కుస్తీ అయిన మర్నాడు జమాఖర్చు పంచాయతీ ఆఫీసు బోర్డు మీద పెట్టండి. ఈ సభకు వసూలైన చందా లెక్క కూడా రేపు పొద్దున అదే బోర్డు మీద పెట్టాలని నిర్వాహకులను కోరుతున్నాను.